బొబ్బర్లు, పెసలు, రాజ్మాతో పొద్దుటి వాఫిల్స్: ఎవరైనా చేస్తున్నారా?

నాగావళి గట్టు, శ్రీకాకుళం | శనివారం రాత్రి 8:40
అందరికీ నమస్కారం. మాది ఏడురోడ్ల జంక్షన్ దగ్గర. ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలు ఇద్దరు. పెద్దది ఏం పెట్టినా తింటుంది. చిన్నవాడు ఇడ్లీ చూస్తే ముఖం తిప్పేస్తాడు, పప్పన్నం బుగ్గన పెట్టుకుని కూర్చుంటాడు. వాఫిల్ (రెండు వేడి పలకల మధ్య కాల్చే గళ్ళ అట్టు) అయితే మాత్రం అడిగి మరీ తింటాడు. అది చూసి మా తమ్ముడు వైజాగ్ నుంచి వాఫిల్ మేకర్ కొని తెచ్చాడు. రోజూ మైదా, పంచదారతో చేసి పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. నెట్‌లో చూస్తే విదేశాల్లో వాళ్ళు ఉడికించిన నల్ల బీన్స్ డబ్బా తెరిచి, రుబ్బి, ఆ ముద్దను వాఫిల్ పిండిలో కలుపుతున్నారు. ఆ డబ్బాలు మా వీధి కొట్లలో ఉండవు. ఇంట్లో బొబ్బర్లు, పెసలు, ఉలవలు, కాస్త రాజ్మా ఉన్నాయి. వీటిలో ఏది బాగుంటుంది? నానబెట్టి పచ్చిగా రుబ్బాలా, ఉడికించాలా? గుడ్డు లేకుండా నిలుస్తుందా? మా అత్తయ్యగారు గుడ్డు ముట్టరు. ఒకే పిండి అందరికీ సరిపోతే నాకు పొద్దున్న పని తగ్గుతుంది.

మూడు లాంతర్లు, విజయనగరం | శనివారం రాత్రి 9:05
అక్కా, బొబ్బర్లతో మొదలుపెట్టండి. మా ఇంట్లో ఆదివారం టిఫిన్ ఇదే. గారెలకు రుబ్బినట్టే రుబ్బాలి, కాకపోతే ఇంకొంచెం పలచగా. గ్లాసు బొబ్బర్లు, అర గ్లాసు బియ్యం కలిపి రాత్రి నానబెట్టండి. ఎండలు మండే రోజుల్లో ఆరు గంటలు చాలు, అంతకుమించి ఉంటే నీళ్ళు నురగ కట్టి వాసన పడతాయి. పొద్దున్న ఆ నీళ్ళు పారబోసి రెండుసార్లు కడిగి, పొట్టుతోనే రుబ్బేయండి, అందులో పీచు బాగా ఉంటుంది. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర రుబ్బేటప్పుడే వేసుకోండి. నీళ్ళు చెంచాల లెక్కన పోయాలి. పిండి ఇడ్లీ పిండి కన్నా జారుగా, దోసెల పిండి కన్నా గట్టిగా ఉండాలి. చివర్లో ఉప్పు, రెండు చెంచాల నూనె, చిటికెడు వంటసోడా. గుడ్డు అవసరం లేదు.

బియ్యం మాత్రం మానొద్దు. ఒట్టి బొబ్బర్లతో చేస్తే లోపలా మెత్తగానే, పైనా మెత్తగానే ఉంటుంది. కరకర బియ్యం వల్లే వస్తుంది.

మేకర్ బాగా వేడెక్కాక రెండు పలకలకూ నూనె రాసి పిండి వేయండి. మూత వేశాక పక్కల నుంచి ఆవిరి బుసబుసా వస్తుంది. అది బాగా తగ్గేదాకా మూత ఎత్తకండి. ముందే ఎత్తితే వాఫిల్ అడ్డంగా చీలి సగం పై పలకకు, సగం కింది పలకకు ఉండిపోతుంది. ఐదారు నిమిషాలు పడుతుంది.

పాలకొండ మేష్టారు, పాలకొండ | శనివారం రాత్రి 9:30
అమ్మా, నా అభిప్రాయం కూడా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. మన వైపు వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందే ఆ చేలోనే మినుములో పెసలో చల్లేస్తారు. నేలలో మిగిలిన తేమతోనే పంట చేతికొస్తుంది. అలా ఇంటి పక్కనే పండిన పెసలు ఉండగా ఈ కరెంటు మిషన్ దేనికి? పెసరట్టు వేసి ఉప్మా పెడితే పిల్లాడికి అంతకన్నా మంచి టిఫిన్ ఉందా? చిన్నప్పుడు తినని పిల్లలు కూడా ఇంట్లో అందరూ తింటుంటే చూసి మెల్లగా అలవాటు పడతారు. కొత్త ఆకారం చూపించి తినిపిస్తే రేపు ఇంకో ఆకారం అడుగుతాడు.

గుంటడి అమ్మ, నరసన్నపేట | శనివారం రాత్రి 9:52
మేష్టారూ, మీరన్నది నిజమే, పెసరట్టుకు వంక పెట్టేవాళ్ళెవరు! కానీ మా గుంటడు కూడా అక్క వాళ్ళ చిన్నవాడిలాంటివాడే. అట్టు మధ్యలో మెత్తగా ఉంటే తీసి పక్కన పెట్టేస్తాడు, అంచు మాత్రమే కొరుక్కుని తింటాడు. వాఫిల్‌లో ఆ గుంటల వల్ల కాలిన భాగం ఎక్కువ, మెత్తటి భాగం తక్కువ. వాడికి కావలసింది ఆ కరకరే. లోపలున్నవి అవే పెసలు, అదే అల్లం, అదే జీలకర్ర. చేత్తో పట్టుకుని తింటూ బడి బస్సు ఎక్కేస్తాడు.

మూడు లాంతర్లు, విజయనగరం | శనివారం రాత్రి 10:04
నేను ఇంకొకటి చెప్తాను మేష్టారూ. బొబ్బర్ల పిండితో మనం ఎప్పటి నుంచో చేసుకునేది గారెలు. పండక్కి బాగానే ఉంటుంది, రోజూ మూకుడు నిండా నూనె కాచి చేసుకోలేం కదా. అదే పిండి ఈ పలకల మధ్య వేస్తే రెండు చెంచాల నూనెతో ఐదారు వాఫిల్స్ అయిపోతాయి. మా నాన్నగారికి డాక్టరు నూనె తగ్గించమన్నప్పటి నుంచి మా ఇంట్లో గారెల మోజు దీనితోనే తీరుతోంది. పిల్లల సంగతి తర్వాత, పెద్దవాళ్ళ కోసమే నేను ఈ మిషన్ తీయడం ఎక్కువ.

పాలకొండ మేష్టారు, పాలకొండ | శనివారం రాత్రి 10:15
గారెల మాట బాగుందమ్మా. అంత తక్కువ నూనెతో బొబ్బర్ల గారె రుచి వస్తుందంటే నేనూ ఒప్పుకుంటాను. మా ఇంట్లో ఆ మిషన్ లేదు. సాండ్‌విచ్ టోస్టర్ ఒకటి ఉంది, మా అమ్మాయి వదిలివెళ్ళింది. దానిలో వస్తుందా?

మూడు లాంతర్లు, విజయనగరం | శనివారం రాత్రి 10:21
వస్తుంది మేష్టారూ. గుంటలు లోతుగా ఉండవు కాబట్టి పిండి తక్కువ వేసి ఇంకొంచెం ఎక్కువసేపు ఉంచండి. గుంత పొంగనాల పెనమైనా పర్వాలేదు.

కొండగాలి, సీతంపేట | ఆదివారం ఉదయం 6:35
నాదొక సందేహం. చింతపల్లి, పాడేరు వైపు పండిన రాజ్మా మా దగ్గర బాగానే ఉంది. బొబ్బర్లలాగే రాజ్మా కూడా రాత్రంతా నానబెట్టి పచ్చిగానే రుబ్బేసి వాఫిల్ వేసుకోవచ్చా? వేడి పలకల మధ్య ఎలాగూ కాలుతుంది కదా. పొద్దున్నే కుక్కర్ పెట్టే పని తప్పుతుంది.

వీణల ఊరు, బొబ్బిలి | ఆదివారం ఉదయం 7:10
కొండగాలి గారూ, దయచేసి అలా చేయకండి. ఈ చర్చ చదివే వాళ్ళందరూ ఇది గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను.

పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే పదార్థం ఉంటుంది. లెక్టిన్ల జాతికి చెందిన ప్రోటీన్ అది. ఎర్ర రాజ్మాలో మరీ ఎక్కువ. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నానబెడితే కొంత నీళ్ళలోకి దిగుతుంది కానీ పూర్తిగా పోదు. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో కళపెళా మరిగించాలి. 100 డిగ్రీల దగ్గర పది నిమిషాలకు ఆ విషం చాలావరకు విరిగిపోతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) అర గంట మరిగించమని చెప్తుంది. కుక్కర్‌లో మెత్తగా ఉడికితే ఇక భయం లేదు. సన్నటి సెగ మీద మరగకుండా గంటల తరబడి ఉంచడం మాత్రం పనికిరాదు, అప్పుడు విషం తగ్గడానికి బదులు పెరగొచ్చు కూడా.

మరి వాఫిల్ మేకర్ అంత వేడిగా ఉంటుంది కదా అంటారు. పలక వేడిగానే ఉంటుంది, వాఫిల్ పై పొర కూడా బాగా కాలుతుంది. లోపల తడి ఉన్నంతసేపూ అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు. ఆ వేడి చేరడానికే సగం సమయం పోతుంది, ఐదారు నిమిషాల్లో మనం తీసేస్తాం. అందుకే రాజ్మా అయితే ముందుగా ఉడికించి తీరాలి. సోయా గింజలకూ, ఎండు చిక్కుడు గింజలకూ ఇదే జాగ్రత్త. పెసలు, బొబ్బర్లలో ఈ లెక్టిన్ బాగా తక్కువ. పచ్చిగా రుబ్బి అట్లు, గారెలు వేసుకుంటున్నాం కదా, వాఫిల్‌కూ అదే పద్ధతి.

కొండగాలి, సీతంపేట | ఆదివారం ఉదయం 7:18
చాలా మేలు చేశారండీ. మా వదినకు కూడా ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను, ఆవిడ హాస్టల్లో వంట చూస్తుంది. అయితే రాజ్మా రాత్రే ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్న రుబ్బుకోవచ్చు కదా?

వీణల ఊరు, బొబ్బిలి | ఆదివారం ఉదయం 7:25
హాయిగా చేయండి. నీళ్ళు వంపేసి పెట్టుకుంటే పొద్దున్న పిండి జారుగా అయిపోదు.

చోడిపిండి, గజపతినగరం | ఆదివారం ఉదయం 8:02
ఉడికించిన రాజ్మాతో తీపి వాఫిల్ నేను చేస్తుంటాను. కప్పు ఉడికిన రాజ్మా, ఒక అరటిపండు, ముప్పావు కప్పు పాలు, ఒక గుడ్డు మిక్సీలో మెత్తగా తిప్పండి. పలుకు మిగిలితే పిల్లలు కనిపెట్టేస్తారు, బాగా మెత్తగా రావాలి. దానిలో అర కప్పు చోడిపిండి (రాగిపిండి), పావు కప్పు గోధుమపిండి, చెంచా బేకింగ్ పౌడర్, కొంచెం నెయ్యి, యాలకుల పొడి కలపండి. పది నిమిషాలు పక్కన పెడితే చోడిపిండి తడి పీల్చుకుని చిక్కబడుతుంది. మరీ గట్టిపడితే కాసిని పాలు.

చోడిపిండి ఎందుకంటే, 100 గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుంది. బియ్యంలో దాని దరిదాపుల్లో కూడా లేదు. ఇంట్లో పొద్దున్నే అంబలి తాగే పెద్దవాళ్ళకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు, అంబలి గ్లాసు ముట్టని పిల్లల కోసమే ఈ దారి. రంగు చాక్లెట్‌లా వస్తుంది, అది మనకు కలిసొస్తుంది.

బెల్లం పిండిలో వేయకండి. తీపి ఎక్కువైతే పలక మీద పాకం పట్టి మాడి అంటుకుంటుంది. అరటిపండు తీపి చాలు. కావాలంటే పైన బెల్లం పాకం సన్నగా పోయండి, పలాస జీడిపప్పు నలిపి చల్లండి.

నాగావళి గట్టు, శ్రీకాకుళం | ఆదివారం ఉదయం 8:30
ఇన్ని సంగతులు తెలుస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. చోడిపిండి గారూ, ఇదే వాఫిల్ గుడ్డు లేకుండా చేస్తే విరిగిపోతుందా?

చోడిపిండి, గజపతినగరం | ఆదివారం ఉదయం 8:41
ఒట్టి చోడిపిండికి సాగుడు లేదు కాబట్టి పొడిపొడి అవుతుంది. గుడ్డుకు బదులు రెండు గరిటెల ఇడ్లీ పిండి కలపండి. మినప్పప్పులోని జిగురు పిండిని పట్టి ఉంచుతుంది, పొంగడానికి గాలీ నిలుపుతుంది. అసలు ఏ హడావుడీ లేని రోజువారీ పద్ధతి కూడా ఇదే. ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉండే ఇడ్లీ పిండి రెండు వంతులు తీసుకుని, ఉడికిన బొబ్బర్ల ముద్దో శనగల ముద్దో ఒక వంతు కలిపి మేకర్‌లో వేయడమే. సోడా కూడా అక్కర్లేదు, పులిసిన పిండే పొంగిస్తుంది.

తెల్లకోటు, టెక్కలి | ఆదివారం ఉదయం 10:15
నేను డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. మూడు లాంతర్లు గారు బియ్యం మానొద్దన్నది కరకర కోసమే అయినా, పోషణ లెక్కలోనూ అది సరైన మాటే. అపరాల్లో, అంటే పప్పుగింజల్లో, లైసిన్ అనే అమైనో ఆమ్లం బాగా ఉంటుంది, మెథియోనిన్ తక్కువ. బియ్యం, చోళ్ళు లాంటి ధాన్యాల్లో లైసిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది.

ఎంత ప్రోటీన్ వస్తుందని అడిగేవాళ్ళ కోసం ఒక లెక్క. 100 గ్రాముల ఎండు బొబ్బర్లలో సుమారు 23 గ్రాములు, 50 గ్రాముల బియ్యంలో 4 గ్రాముల దాకా ఉంటుంది. ఆ పిండితో ఆరు వాఫిల్స్ వేస్తే ఒక్కోదానికి నాలుగున్నర గ్రాములు. రెండు తింటే గుడ్డు కన్నా ఎక్కువే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, 2000 కేలరీల ఆహారంలో పప్పులు, గుడ్లు, మాంసం వంటివి కలిపి రోజుకు 85 గ్రాములు చూపించారు. మన ఇళ్ళలో సాంబారులో తేలే పప్పుతో అంత రాదు. పొద్దుటి టిఫిన్‌లోనే సగం వచ్చేస్తే మంచిది.

ఇంకొక్క మాట. వాఫిల్‌తో పాటు పిల్లలకు టీ ఇవ్వకండి. అపరాల్లోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. నిమ్మరసం, ఉసిరి, జామపండు ఏదైనా పక్కన ఉంటే బాగా పడుతుంది. పుదీనా పచ్చడిలో చింతపండు తగ్గించి నిమ్మకాయ పిండినా చాలు. మొలకెత్తిన పెసలు రుబ్బితే ఇంకా మేలు.

కొబ్బరితోట, కవిటి | ఆదివారం ఉదయం 11:40
మేడమ్ గారూ, మాది ఉద్దానం. మా ఇంట్లో మావయ్యకు కిడ్నీ జబ్బు, ఇంకా డయాలసిస్ దాకా రాలేదు. ఇంట్లో పిల్లలకు ఇవి చేస్తే ఆయన ముందు పెట్టకుండా మేం తినలేం. ఆయనకు పెట్టొచ్చా? ఒకరు ప్రోటీన్ తినమంటారు, ఒకరు వద్దంటారు. ఏది నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

తెల్లకోటు, టెక్కలి | ఆదివారం మధ్యాహ్నం 12:20
బాబూ, మీరు అడగడం చాలా మంచిదైంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఈ జబ్బు ఎన్ని ఇళ్ళలో ఉందో మనందరికీ తెలుసు, కాబట్టి వివరంగా రాస్తాను.

మీరు విన్న రెండు మాటలూ నిజమే, కానీ వేర్వేరు దశల వాళ్ళకు. డయాలసిస్‌కు ముందు దశలో మామూలుగా ప్రోటీన్ తగ్గించమంటారు. డయాలసిస్ మొదలయ్యాక ఆ చికిత్సలోనే కొంత ప్రోటీన్ పోతుంది కాబట్టి ఎక్కువ తినమంటారు. దానికి తోడు అపరాల్లో పొటాషియం, ఫాస్ఫరస్ ఉంటాయి. రక్తంలో పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం. కాబట్టి మావయ్యగారి తాజా రక్తపరీక్ష కాగితాలు పట్టుకుని, ఆయన చూపించుకునే డాక్టరును 'రోజుకు ఎంత పప్పు తినొచ్చు' అని సూటిగా అడగండి. పలాస కిడ్నీ ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళయితే అక్కడే అడగొచ్చు. ఆ జవాబు రాకుండా ఈ చర్చ చూసి ఆయనకు పెట్టకండి.

ఇంకోటి చాలామందికి తెలియదు. బేకింగ్ పౌడర్‌లో సోడియంతో పాటు చాలా రకాల్లో ఫాస్ఫేట్ కూడా కలుస్తుంది. గింజల్లోని ఫాస్ఫరస్ కన్నా ఈ కలిపిన ఫాస్ఫేట్ ఒంటికి చాలా ఎక్కువగా పడుతుంది. వంటసోడాలో ఫాస్ఫేట్ లేకపోయినా సోడియం ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు వాఫిల్ వేయాల్సి వస్తే పులిసిన పిండితోనే, ఉప్పు తగ్గించి వేయండి. అందులో పప్పు ఎంత ఉండొచ్చన్నది మాత్రం డాక్టరే చెప్పాలి.

కొబ్బరితోట, కవిటి | ఆదివారం మధ్యాహ్నం 12:34
ఈ వారమే చూపించడానికి వెళ్తున్నాం మేడమ్, రాసిపెట్టుకుని అడుగుతాను. బేకింగ్ పౌడర్ సంగతి మాకెవరూ చెప్పలేదు.

గుంటడి అమ్మ, నరసన్నపేట | ఆదివారం మధ్యాహ్నం 2:10
నాకు పెసర పిండి పలకకు అంటుకుంటోంది, నూనె రాసినా కూడా. ఏం చేయాలి?

మూడు లాంతర్లు, విజయనగరం | ఆదివారం మధ్యాహ్నం 2:26
పలక పూర్తిగా వేడెక్కకముందు పిండి వేస్తే అంటుకుంటుంది. లైటు వెలిగి ఆరాక కూడా ఒక నిమిషం ఆగు. నూనె పలకకే కాదు, పిండిలోనూ ఉండాలి. పెసలు బొబ్బర్ల కన్నా జిగురుగా ఉంటాయి కాబట్టి గ్లాసు పెసలకు రెండు చెంచాల బియ్యప్పిండి అదనంగా కలుపు. ఉల్లిపాయ ముక్కలు వేస్తుంటే మానేయి, వాటి నీరు దిగి అక్కడక్కడ పట్టేస్తుంది. తరిగిన కొత్తిమీర, కరివేపాకు పర్వాలేదు. స్టీలు గరిటెతో గీకొద్దు తల్లీ, పూత పోతే ఇక ఎన్ని చేసినా అంటుకుంటుంది.

కొబ్బరితోట, కవిటి | ఆదివారం సాయంత్రం 4:45
కరెంటు లేకుండా పొయ్యి మీద పెట్టుకునే అచ్చు ఉంటుందా? 2018లో తిత్లీ తుపానప్పుడు మా వైపు చాలా రోజులు కరెంటు లేదు. అప్పటి నుంచి ఇంట్లో కరెంటు మీదే నడిచే వంట సామాను కొనాలంటే ఆలోచిస్తాం.

వీణల ఊరు, బొబ్బిలి | ఆదివారం సాయంత్రం 5:20
ఉంటుందండీ. అసలు ముందు వచ్చినవి అవే. అమెరికాలో కార్నీలియస్ స్వార్టౌట్ అనే ఆయన 1869లో పేటెంట్ తీసుకున్నది పొయ్యి మీద పెట్టి తిప్పే ఇనప అచ్చుకే. ఇప్పుడు పోత అల్యూమినియంవి, ఇనపవి ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. గ్యాసు మీద మధ్యస్థం మంట పెట్టి, రెండున్నర మూడు నిమిషాలకు ఒకసారి తిరగేయాలి. మంట అచ్చు మధ్యలోనే తగులుతుంటే కాస్త జరుపుతూ ఉండండి.

గుంటడి అమ్మ, నరసన్నపేట | ఆదివారం సాయంత్రం 6:05
బియ్యప్పిండి కలిపాక చక్కగా ఊడి వచ్చింది వదినా. బడికి డబ్బాలో పెడితే మధ్యాహ్నానికి మెత్తబడిపోదా?

చోడిపిండి, గజపతినగరం | ఆదివారం సాయంత్రం 6:22
వేడిగా పెట్టి మూత బిగిస్తే ఆ ఆవిరికే మెత్తబడుతుంది. జల్లెడ బోర్లించి దాని మీద పూర్తిగా చల్లారనిచ్చి అప్పుడు డబ్బాలో సర్దు. ఎక్కువ చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మర్నాడు పెనం మీద నూనె లేకుండా రెండు వైపులా కాల్చు, కరకర తిరిగి వస్తుంది.

నాగావళి గట్టు, శ్రీకాకుళం | ఆదివారం రాత్రి 8:15
రేపటికి బొబ్బర్లు, బియ్యం నానబోశాను. ఉలవల గురించి ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో వారానికోసారి ఉలవచారు కాస్తాం. నీళ్ళు తీసుకున్నాక మిగిలిన గింజలు కొన్ని గుగ్గిళ్ళు చేసి, మిగతావి పాలవాళ్ళ గేదెకు పంపేస్తాను. వాటిని వాఫిల్‌లో వేయొచ్చా?

తెల్లకోటు, టెక్కలి | ఆదివారం రాత్రి 8:40
తప్పకుండా వేయండి. చారులోకి రుచీ, కొంత సారమూ దిగినా ప్రోటీన్, పీచు చాలావరకు గింజలోనే ఉండిపోతాయి. ఇప్పటికే బాగా ఉడికినవి కాబట్టి మళ్ళీ కుక్కర్ పని కూడా లేదు.

పాలకొండ మేష్టారు, పాలకొండ | ఆదివారం రాత్రి 9:02
అమ్మా, ఉలవ పొట్టు గట్టిది, మిక్సీలో ఒట్టిగా తిప్పితే పలుకు మిగులుతుంది. ఆ చారు నీళ్ళే రెండు గరిటెలు పోసి తిప్పండి. ఇడ్లీ పిండి రెండు వంతులకు ఈ ముద్ద ఒక వంతు, వెల్లుల్లి రెండు రెబ్బలు, ఎండుమిర్చి, కాస్త ఇంగువ. ఇవాళ సాయంత్రం మా టోస్టర్‌లో ఇలాగే వేశాం, వెన్న రాసుకుని తిన్నాం, చాలా బాగుంది. ఉలవ ముద్ద మూడో వంతు దాటనివ్వకండి, చేదు తగులుతుంది.